మా అన్న పికప్‌కు సౌండు సిస్టం

మా అన్న చనిపోయిన నెలలోపే మా చర్చి సంఘ పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారు. ఇకమీదట మదనపల్లెలో మా వాళ్లెవరు పోయినా సమాధుల తోటకు తీసుకుపోవడానికి అద్దాల బండిని బాడుగకు పిలిపించాలన్నారు. ఆ బండిలో చల్లదనం పెట్టిన గాజు గది ఉంటుంది. పైన స్పీకర్లుంటాయి. రికార్డు చేసిన కీర్తనలు వాటిలో వస్తూ ఉంటాయి. అంతవరకు ఆ పని మా అన్న పికప్ చేసేది.

అది పాత బండి. జీపు ముక్కు, గుండ్రటి లైట్లు, వెనక ఇనుప తొట్టి. అన్న మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా ఉన్నప్పుడు ఆ బండినే తోలేవాడు. ఆసుపత్రి వాళ్లు దాన్ని తీసేసినప్పుడు తనే కొనుక్కున్నాడు. వారంలో ఎక్కువ రోజులు నిమ్మనపల్లె, బి.కొత్తకోట వైపు నుంచి టమోటా పెట్టెలు మార్కెట్ యార్డుకు తోలేవాడు. సంఘంలో ఎవరైనా పోతే ఆ రోజు టమోటా లేదు. తొట్టి కడిగి, తెల్ల దుప్పటి పరిచి, చర్చి ముందు నిలిపేవాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

పెట్టె బండిలో ఉంటుంది. వెనక జనం నడుస్తూ పాడతారు. చర్చి గేటు దాటినప్పుడు ఎత్తుకున్న పాట గుంత దగ్గరికి చేరేదాకా తెగకూడదని మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. ఒక కీర్తన అయిపోతుండగానే ఎవరో ఒకరు ఇంకొకటి ఎత్తుకోవాలి. ఇది ఏ ఆరాధన క్రమంలోనూ రాసిలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కానీ తెగితే మాత్రం పెద్దవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. ఫలానా ఆమెది రెండు చోట్ల తెగింది, ఫలానా ఆయనది బ్రహ్మాండంగా సాగింది అని చెప్పుకుంటారు. ఉన్నప్పుడు ఎలా బతికాడన్నది ఆ తర్వాత వచ్చే మాట.

పాట తెగకుండా ఉండటం పాడేవాళ్ల చేతిలో ఎంత ఉందో, బండి తోలేవాడి చేతిలోనూ అంతే ఉంది. బండి కొంచెం వేగంగా పోతే జనం సాగిపోతారు. ముందున్నవాళ్లు ఒక చరణంలో ఉంటే వెనకున్నవాళ్లు దాని ముందు చరణంలో ఉంటారు. బండి మరీ నెమ్మదిగా పోతే అందరూ ఒకరి మీద ఒకరు పడి, పాట మానేసి కాళ్లు చూసుకుంటారు. మా అన్న కుడివైపు తలుపు సగం తెరిచి, మోచేత్తో దాన్ని పట్టుకుని, సగం మనిషి బయటికి వంగి తోలేవాడు. వెనక్కి చూసేవాడు కాదు, వినేవాడు. కాలు ఎప్పుడూ క్లచ్ మీదే. ఇంటికొచ్చాక వదిన ఆ భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టేది.

అన్నను తీసుకుపోయింది కూడా ఆ బండిలోనే. ఆ రోజు తోలడానికి యార్డు నుంచి ఒక డ్రైవరును పిలిచారు. అతను మంచివాడే. టమోటా తోలి అలవాటైనవాడు, వేగం తగ్గించడమంటే రెండో గేరుకు రావడమని అనుకున్నాడు. ఊరేగింపు మూడు ముక్కలైంది. ముందువాళ్లు ఒక పాట, వెనకవాళ్లు ఒక పాట పాడారు. నేను మధ్యలో ఉన్నాను. మధ్యలో ఉన్న మాకు రెండూ వినిపించడం వల్ల ఏదీ పాడలేకపోయాం. ముప్పై ఏళ్లు అందరి పాటా తెగకుండా చూసినవాడిది అలా జరిగింది. పెద్దల నిర్ణయం అక్కడ పుట్టింది.

సంఘ పెద్దల్లో పెద్దవాడు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఆయన. అందరూ ఆయనను కాంపౌండరు గారనే పిలుస్తారు. వదిన, నేను ఆయన ఇంటికి వెళ్లి, బండిని మాన్పించవద్దని అడిగాం.

"మీయన్న ఉండినన్నాళ్లు సరిపాయె" అన్నాడాయన. "ఆయప్ప చెవులు యెనకే ఉండె. ఇప్పుడెవురు తోలతారు? నువ్వా? కుప్పంలో పుస్తకాలకు నంబర్లేసుకుంటా ఉండినోనివి."

నేను కుప్పంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఆయన మాటలో తప్పేమీ లేదు.

"తోలేది నేర్చుకుంటాడు లేప్పా" అంది వదిన. "నన్ను మాత్రం ఆ గాజు బండిలో పెట్టొద్దండి. ఐస్‌క్రీం బండి మాదిరుండాది అది. అండ్ల నేను పోను."

"పోయినాక నువ్వు సెప్పేదేముండాదమ్మా?"

"అందుకే ముందే సెప్తాండాను."

వదినకు పిల్లల్లేరు. ఆమె మాటను తర్వాత గుర్తుచేయడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆమె ఆ మాటను తమాషాగా అన్నా, తమాషాకు అనలేదని నాకు తెలుసు.

కాంపౌండరు గారు చివరికి ఒక దారి ఇచ్చాడు. "ఇప్పుడు జనానికి గొంతుల్లేవప్పా. మైకు ల్యాకపోతే ఎవురికీ ఏమీ ఇనపడదు. ఆ బండికి సౌండు పెట్టించు. సూస్తాము. బాగుంటే సరే."

అలా మొదలైంది. నాకు కార్ల సౌండు గురించి ఏమీ తెలియదు. తెలియని విషయాన్ని పుస్తకాల్లో వెతకడం నాకు అలవాటు కాబట్టి ఆ పని చేశాను. ధ్వని గురించి కాలేజీ భౌతికశాస్త్రం పుస్తకాలు తెచ్చుకున్నాను. పాత బండ్లకు కొత్త సౌండు పెట్టుకునేవాళ్ల వీడియోలు చూశాను. వాళ్లంతా డ్యాష్‌బోర్డు అందం చెడకుండా స్పీకర్లను ఎక్కడ దాచాలన్నదాని గురించి మాట్లాడతారు. నాకు కావలసింది వేరే అయినా, వాళ్ల దగ్గర రెండు సంగతులు నేర్చుకున్నాను. పాత బండి ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటు కొత్త ఆంప్లిఫైయరుకు చాలదు, అందులోనూ ఇంజను ఐడిల్‌లో, ఎక్సలరేటరు తొక్కకుండా మెల్లగా తిరుగుతున్నప్పుడు అసలు చాలదు. మా పని మొత్తం ఐడిల్‌లోనే. కాబట్టి సౌండుకు విడిగా ఇంకో బ్యాటరీ ఉండాలి. రెండోది, తలుపుల రేకు పలచన కాబట్టి ఇంజను మోత అంతా లోపలికొస్తుంది. మోత తగ్గించకుండా ఎంత మంచి స్పీకరు పెట్టినా దండగ.

నా ప్లాను ఇది. క్యాబిన్ పైన వెనక్కి తిరిగిన రెండు హార్న్ స్పీకర్లు. ఒకటి కిందికి వంచి, బండి వెంట నడిచేవాళ్ల కోసం. ఇంకొకటి సూటిగా, చివరి వరుస కోసం. రెండింటికీ వేర్వేరు వాల్యూము. పాట ఎత్తేవాళ్ల చేతికి తీగ లేని మైకు. తోలేవాడికి కూడా అదే పాట వినిపించడానికి లోపల సీటు వెనక రెండు చిన్న చెక్కపెట్టెల్లో స్పీకర్లు. తలుపులకు కోత పెట్టకూడదనుకున్నాను. రేకుకు పెట్టిన రంధ్రాన్ని మళ్లీ పూడ్చలేం.

బండిని కుప్పం తెచ్చుకుని తోలడం సాధన చేశాను. రైలు కట్ట పక్కన మా వీధి చివర మట్టిరోడ్డు ఉంది. నేను మొదటి గేరులో పోతుంటే మా ఆవిడ గొడుగు వేసుకుని వెనక పాడుతూ నడిచేది. రెండు రోజుల తర్వాత పక్కింటామె అడిగిందట, "ఏమక్కా, సార్‌తో కొట్లాడినావా? బండెక్కించుకోకుండా నడిపిస్తాండాడు" అని. మా ఆవిడ పాడేది నాకు ఒక్కసారీ వినపడలేదు. అన్నలాగా తలుపు తెరిచి వంగితే స్టీరింగు నా చేతిలో నిలవలేదు. అరవై దాటాక ఆ విద్య రాదని తేలిపోయింది. అందుకే లోపలి స్పీకర్ల మీద ఆశ పెట్టుకున్నాను.

మదనపల్లెలో రెండు షాపుల్లో అడిగాను. ఇద్దరూ టచ్ స్క్రీను, నీలం లైట్లు చూపించారు. మూడో షాపాయన పుంగనూరులో ఒక మనిషి ఉన్నాడని చెప్పాడు. ట్రాక్టర్లకు, జాతర బండ్లకు సౌండు కట్టేవాడు. వదిన నేనూ వస్తానంది. పికప్‌లోనే పుంగనూరు వెళ్లాం.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఏమి బండి సార్ ఇది! ఎంత బేసు కావాల మీకు?"

బేసు వద్దని, ఇది ఏ పనికో చెప్పాను.

"సావు బండికా?" అని నవ్వాడు. "ట్రాక్టరుకు పెట్టే బేసు దీనికి పెడితే పండుకున్నోళ్లు లేసి కూసుంటారు సార్."

"లేస్తే మంచిదే కదప్పా" అంది వదిన. "మేము నమ్మేది అదే."

ఆయన ఆమె ముఖం చూసి, నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు. తర్వాత పని మాటలు మొదలయ్యాయి. చెక్కపెట్టెలు వద్దు, తలుపులు కోస్తే సౌండు బ్రహ్మాండంగా వస్తుందని ఆయన, కొయ్యవద్దని నేను.

"రొండు గుండ్రాలు సార్, అంతే. దోసె అంత."

"దోసె అంత కూడా వద్దు."

"మీయిష్టం. అయితే మోత పట్టీలు మాత్రం నిండా యేస్తాను. తలుపులకు, కింద, పైన. అద్దాలకు కొత్త రబ్బరు. లోపల కూసుంటే బయట పిడుగు పడినా తెలీకూడదు."

అది నాకు సమంజసంగానే అనిపించింది. నేను కాగితం మీద గీసుకున్న దానిలోనూ అదే ఉంది. చేసిన తప్పు మా ఇద్దరిదీ.

బండి తిరిగొచ్చాక సౌండు పరీక్షించాలి. దానికి వెనక నడిచేవాళ్లు కావాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కాంపౌండరు గారు ఒక పాతికమందిని ఆపాడు. ఖాళీ బండికీ బరువున్న బండికీ క్లచ్ ఒకేలా పట్టదు కాబట్టి, నేను తొట్టిలో యార్డు నుంచి తెచ్చిన టమోటా పెట్టెలు పెట్టాను. మచ్చలు పడి ఎవరూ కొననివి. ఈగలు ముసురుతుంటే వదిన వాటి మీద తెల్ల దుప్పటి కప్పింది. మేం చేస్తున్న పని బయటివాళ్లకు ఎలా కనబడుతుందో మాలో ఎవరికీ తట్టలేదు.

గేటు దాటగానే టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన తలకు చుట్టుకున్న టవలు తీశాడు. ఆటోవాళ్లు ఇంజన్లు ఆపేశారు. మలుపు దగ్గర పూలమ్మే ఆమె గబగబా వచ్చి ఒక బంతిపూల మాల దుప్పటి మీద వేసి, దండం పెట్టి, వెనక నడిచేవాళ్లను అడిగింది.

"ఎవురమ్మా పోయింది?"

"ఎవురూ పోలేదు" అంది వదిన.

"ఎవురూ పోకుంటే యాల ఈ పాటలు?"

"సౌండు సూస్తాండాము."

"మరి అండ్ల ఉండేదెవురు?"

"టమోటాలు."

ఆమె కొంచెంసేపు బండితోపాటు నడిచింది. "అట్లయితే నా మాల నాకు ఇచ్చేయండమ్మా" అని, తనే తీసుకుని వెళ్లిపోయింది. టవలు తీసిన ఆయన మళ్లీ చుట్టుకుంటూ ఏదో అన్నాడు. అది నాకు వినపడలేదు. క్యాబిన్‌లోకి బయటి మాట ఏదీ రావడం లేదు. పూలామెతో జరిగిన మాటలు కూడా తర్వాత వదిన చెబితే తెలిసినవే.

నాకు వినపడిందల్లా మైకు పట్టుకుని తొట్టిలో కూర్చున్న మనిషి గొంతు. చర్చిలో పాట ఎత్తేది ఆయనే. సీటు వెనక స్పీకర్లలో ఆయన ఊపిరి కూడా వినపడేంత స్పష్టంగా వచ్చింది. పాట ఎక్కడా తెగలేదు. ప్లాను కుదిరిందనుకున్నాను. ఆసుపత్రి ప్రహరీ మూల దాటాక వదిన వేగంగా నడిచొచ్చి అద్దం మీద కొట్టింది. నేను అద్దం దించాను.

"యెనక ఎవురూ పాడతాలేదు" అంది, రొప్పుతూ.

"పాట తెగలేదు కదా?"

"తెగలేదు. పాడేది ఆయన ఒక్కడే. మేమందురమూ ఇంటాండాము."

దిగి చూశాను. ఆమె చెప్పింది నిజం. స్పీకర్ల నుంచి అంత బాగా పాట వస్తుంటే తాము పాడనవసరం లేదని ఎవరూ అనుకోలేదు, నోళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. అద్దాల బండి వెనక నడిచేవాళ్లు కూడా ఇలాగే ఉంటారు. నేను ఆ బండినే మళ్లీ తయారుచేశాను.

పైస్పీకర్లు ఆపేసి ఇంకోసారి పోదామన్నాను. మైకు మనిషి మైకును తొట్టి వెనక తలుపు మీద పెట్టి, దిగి అందరితోపాటు నడిచాడు. దాన్ని ఆపాలని ఆయనకు గుర్తు రాలేదు. లోపలి స్పీకర్లు ఆపాలని నాకు గుర్తు లేదు. నేను బండి కదిలించి, వెనక ఎవరున్నారో అద్దంలో చూసుకుంటూ, గేరు కుదరక ముందుకు పోయాను. అప్పుడు సీటు వెనక నుంచి కాంపౌండరు గారి గొంతు వచ్చింది. దగ్గర నుంచి కాదు, దూరం నుంచి. అయినా స్పష్టంగా.

"మేము యాడుండాము, ఈయప్ప యాడుండాడు? పోతానే ఉండాడే! వాళ్లన్న కడుపు కాలతాది పైన."

నేను బ్రేకు వేశాను. చెప్పులు రాసుకుంటున్న చప్పుడు, దగ్గు, గొడుగు మూసిన చప్పుడు దగ్గరయ్యాయి. తర్వాత పాట. ముందువరుస గొంతులు పెద్దవిగా, వెనకవాళ్లవి వాటి వెనక పలచగా. వెనకవాళ్లు ఎంత వెనకబడ్డారో వినగానే తెలిసింది. కాలు ఎంత వదలాలో, ఎంత తొక్కాలో దాన్నిబట్టి తెలిసింది. మోత పట్టీలు నిండా వేయడం వల్ల క్యాబిన్‌లో వేరే చప్పుడేదీ లేదు. స్పీకర్ల మోత బయటి మైకుకు చేరలేదు కాబట్టి మైకులు మామూలుగా వేసే ఈల కూడా రాలేదు.

సమాధుల తోట గేటు దాకా అలాగే తోలాను. దిగాక చెప్పాను, పైనున్న హార్న్‌లు తీసేస్తానని. మైకు బండి వెనక తలుపుకు బిగించి ఉంటుంది. స్పీకర్లు లోపలే ఉంటాయి.

కాంపౌండరు గారికి అది నచ్చలేదు. "ఊరికి ఇనపడని సౌండు యాలప్పా?"

"తోలేవానికి వినపడాలి."

"ఒక్కనికి ఇంత సామానా? రొండు బ్యాటరీలు, పెట్టెలు, పట్టీలు. ఒక్కని చెవులకు?"

"అవును."

ఆయన క్యాబిన్‌లోకి ఒకసారి తొంగిచూశాడు. "పోయినోళ్ల ఇంటోళ్ల ఇష్టం. వాళ్లు అడిగితే తోలు. మొదటిదాంట్లోనే తెగిందంటే మాత్రం ఇంగ అద్దాల బండే. మళ్లా నాకాడికి రావద్దు."

వదిన నా కన్నా ముందు సరేనంది.

కొన్ని వారాల తర్వాత ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన ఒక ముసలామె పోయింది. కొడుకు బి.కొత్తకోటలో ఉద్యోగి. మర్యాదస్తుడు. అప్పటికే అద్దాల బండికి ఫోన్ చేశాడు. వదిన వెళ్లింది. నేను బయట నిలబడ్డాను.

"మీయమ్మ ఈ వీధిలో పోయినోళ్లందురి యెనకా పాడతా నడిచె" అంటోంది వదిన. "మోకాళ్లు నొప్పులున్నా నడిచె. ఇప్పుడు ఆమెకు మిషన్‌తో పాడిస్తావా?"

"అట్ల కాదు పెద్దమ్మా. బంధువులంతా బెంగుళూరు నుంచి వస్తాండారు. వాళ్లు ఏమనుకుంటారో అని."

"ఏమనుకుంటారు? నడవాలంటే కాళ్లు నొప్పనుకుంటారు."

అతను ఫోన్ చేసి అద్దాల బండి వద్దన్నాడు.

తొట్టి నేనే కడిగాను. వదిన దుప్పటి పరిచింది. మైకుకు గాలి తగలకుండా స్పాంజి చుట్టాను. చర్చి గేటు దాటినప్పుడు పాట ఎత్తింది ఎవరో నాకు కనబడలేదు, వినపడింది. నేను ముందు రోడ్డునే చూస్తూ తోలాను.

వెనక నడిచేవాళ్లు మాట్లాడుకుంటారని నాకు తెలుసు, నేనూ మాట్లాడేవాణ్ణే. కానీ ముందు కూర్చుని వింటే వేరే. చరణానికీ చరణానికీ మధ్య, కొన్నిసార్లు చరణం మధ్యలోనే మాటలు పడ్డాయి. యార్డులో కాయ ఎట్ల పోతాందని ఒకరు. కొడుకు ఇల్లు కట్టినాడట, అమ్మకు ఒక గది కూడా పెట్టలేదని ఒకరు. పెట్టినా ఆమె పోయేది కాదులే అని ఇంకొకరు. ఎవరిదో పెళ్లి తప్పిపోయిన సంగతి. ఆ గొంతులన్నీ నాకు తెలిసినవే. అవే గొంతులు మళ్లీ పల్లవిలో కలిసేవి.

మా అన్న ఇవన్నీ విన్నాడు. ఎన్నో ఏళ్లు, తలుపు తెరిచి, ఇవే మాటలు. చనిపోయినవాళ్ల గురించి వాళ్ల వెనక నడిచేవాళ్లు అన్న మాటలన్నీ ఆయనకు తెలుసు. ఇంటికొచ్చి భుజానికి కాపడం పెట్టించుకుంటూ ఏనాడూ ఒక్క మాట బయటపెట్టలేదు. వదినను తర్వాత అడిగాను. తనకూ చెప్పలేదంది. నాకు మా అన్న గురించి అంతా తెలుసనుకునేవాణ్ణి.

సమాధుల తోటకు ముందు ఎత్తు ఉంది. పొడుగు కాదు, కానీ నిటారు. అక్కడికొచ్చేసరికి ఎవరో ఆడమనిషి అంది:

"వాళ్లన్నయితే ఈ ఎత్తు కాడ నిలిపేటోడు."

"ఈయప్పా నిలుపుతాడేమో సూడు."

"నిలపడులే. సదువుకున్నోడు, లెక్క పెకారం పోతాడు."

నేను నిలపకూడదనే అనుకున్నాను. ఎత్తు మధ్యలో ఆపితే మళ్లీ కదిలేటప్పుడు బండి వెనక్కి జారుతుందన్న భయం. వెనక పెట్టె ఉంది, దాని వెనక మనుషులున్నారు. అందుకే మెల్లగా, క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తున్నా ఆపకుండా ఎక్కుతున్నాను. పాట పలచబడింది. ముందువరుసలో ఒకరి తర్వాత ఒకరు ఊపిరి కోసం ఆగారు. వదిన గొంతు కొంచెంసేపు వినపడి, దగ్గుగా మారి, ఆగింది. ఆరేడు గొంతులు నాలుగయ్యాయి, రెండయ్యాయి. తర్వాత దగ్గర్లో పాట లేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రమే.

తెగిందనుకున్నాను.

అప్పుడు బాగా వెనక నుంచి ఒక్క గొంతు వినిపించింది. వాల్యూము పెంచాను. కాంపౌండరు గారు. ఆయన చేతికర్రతో అందరికన్నా వెనక నడుస్తున్నాడు. ఆయనకు రాగం ఎప్పుడూ లేదు. ఆ గొంతు మీద చర్చిలో పిల్లకాయలు నవ్వుకుంటారు. ఆయన పాడుతున్నాడు. ఒక పాదం, ఊపిరి, మళ్లీ అదే పాదం. తర్వాతి పాదానికి పోవడానికి బలం లేక, ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ పాడుతున్నాడు. తెగిందంటే ఇక అద్దాల బండేనని చెప్పిన మనిషి ఆయనే. ఊరికే ఉంటే తను చెప్పినట్టే అయ్యేది.

నేను బండి ఆపాను. చేతిబ్రేకు లాగి, గేరు తీసి, బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టుకుని కూర్చున్నాను. ఆయన దగ్గరికొచ్చే కొద్దీ ఆ గొంతు పెద్దదైంది. ఆ పాదం మూడోసారో నాలుగోసారో పాడుతుండగా ఎవరో కలిశారు. వదిన అనుకుంటాను, దగ్గు ఇంకా ఉంది. తర్వాత ఇంకొకరు. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్లలో ఒకతను, మాటలు తెలియక రాగం మాత్రం. అందరూ కలిశాక తర్వాతి పాదంలోకి పోయారు. అప్పుడు గేరు వేసి బ్రేకు వదిలాను. బండి ఒక జానెడు వెనక్కి జారి, పట్టుకుని, ముందుకు కదిలింది. వెనక ఎవరో "అమ్మా" అన్నారు, పాట ఆగలేదు.

గుంత దగ్గర దాకా అలాగే సాగింది. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. మట్టి వేశారు. నేను బండి దగ్గరే ఉండి మైకు విప్పి పెట్టెలో పెట్టుకున్నాను. జనం తిరిగిపోతూ, మామూలుగా చెప్పుకునేదే చెప్పుకున్నారు. ముసలామెది ఎక్కడా తెగలేదన్నారు. ఎత్తు దగ్గర ఏం జరిగిందో ఎవరూ ఎత్తలేదు. పక్కన నడిచినవాళ్లకు అది తెలియకుండా ఉండదు. తెలిసినా వాళ్ల లెక్కలో అది తెగడం కాదనుకుంటాను.

కాంపౌండరు గారు అందరికన్నా చివర వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను నీళ్ల సీసా ఇచ్చాను. సగం తాగి, మిగిలింది ముఖం మీద చల్లుకున్నాడు.

"ఎత్తు కాడ నిలిపినావే" అన్నాడు.

"మీరు వినపడ్డారు."

"ఏంది?"

"మీరు పాడేది వినపడింది. అందుకే నిలిపాను."

ఆయన బండి వెనక తలుపు వైపు చూశాడు, మైకు బిగించిన చోటు. కొంచెం సిగ్గుపడినట్టనిపించింది. "నా గొంతు ఇనేదానికి ఇంత సామాను పెట్టినావా" అన్నాడు.

వదిన దుప్పటి మడుచుకుంటూ వచ్చింది. ఆమె ఆయన్ను ఏదో అడగబోయి, ఆగి, నా పక్కన నిలబడింది. ఆమె అడగదలచుకున్నదేమిటో ముగ్గురికీ తెలుసు. కాంపౌండరు గారు సీసా మూత బిగించి నాకు తిరిగిచ్చాడు.

"ఆసుపత్రిలో పెద్ద వార్డులో ఒకాయనుండాడు. మనాయనే. ఈ పొద్దో రేపో అంటాండారు డాక్టర్లు" అన్నాడు. "బండి కుప్పానికి తీసకపోవద్దు."

చేతికర్ర తీసుకుని ఎత్తు దిగడం మొదలుపెట్టాడు. బండెక్కమన్నాను. నడుస్తానన్నాడు. వదిన ముందు సీటులో ఎక్కి కూర్చుని, అద్దం దించి, రోడ్డు వైపు చూస్తూ ఉంది. నేను కుప్పానికి ఫోన్ చేసి, ఈ వారం రానని మా ఆవిడకు చెప్పాను.